ఉల్లికోడుకు చుట్టాలెందరు? ఉష్ణమండలంలో పేరులేని పురుగుల లెక్క

వరంగల్, జగిత్యాల వైపు వరి పండించేవారికి ఉల్లికోడును పరిచయం చేయనక్కర్లేదు. పిలక నడిమి నుంచి ఆకు రావాల్సిన చోట ఉల్లికాడలాంటి తెల్లని గొట్టం లేచిందంటే ఆ పిలక ఇక వెన్ను వేయదు. అంకురం దగ్గర చేరి ఆ గొట్టాన్ని పుట్టించేది దోమను పోలిన ఒక చిన్న ఈగ తాలూకు పిల్లపురుగు. శాస్త్రీయ నామం ఒర్సియోలియా ఒరైజే. దీని మీద మన దేశంలో దశాబ్దాల పరిశోధన జరిగింది. ఏడు బయోటైపులను, అంటే ఒకే పురుగులోని వేర్వేరు తెగలను, గుర్తించారు. జగిత్యాల పొలాల్లోది ఒకటి, వరంగల్ పొలాల్లోది మరొకటి. ఒకదాన్ని తట్టుకున్న వంగడం ఇంకోదానికి లొంగిపోవచ్చు. ఈశ్వరకోర లాంటి పాత వరి రకాల నుంచి నిరోధక గుణాన్ని తెచ్చి కొత్త వంగడాల్లో కలిపారు. ఒక్క పురుగు కోసం ఇంత పని జరిగింది, అది తిండిగింజల మీద పడింది కాబట్టి.

దాని చుట్టాల సంగతి వేరు. ఉల్లికోడు ఈగ సెసిడోమైయిడే అనే కుటుంబానికి చెందుతుంది. కోస్టారికా రాజధాని శాన్ హొసేకు దగ్గర్లో, మేఘాలు తగిలే ఎత్తున, సుర్కీ అనే చోట ఒక చిన్న అడవి ముక్క ఉంది. వైశాల్యం నాలుగు హెక్టార్లు, మన లెక్కలో పదెకరాలు. 2012-13లో ఏడాదిపాటు అక్కడ వలలు కట్టి రెండు రెక్కల కీటకాలను, అంటే ఈగలు, దోమలు, ఆ వర్గంలోని తక్కినవాటినన్నిటినీ పట్టారు. ఒక్కో కుటుంబాన్ని ఆ కుటుంబం తెలిసిన నిపుణుల చేతికి ఇచ్చారు. తేలిన జాతులు 4,332. వాటిలో సెసిడోమైయిడేవే దాదాపు 800. ప్రపంచమంతటి నుంచి ఇంతవరకు పేరు పొందిన సెసిడోమైయిడే జాతులు 6 వేల పైచిలుకు మాత్రమే. రెండున్నర శతాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన ఆ జాబితాలో ఎనిమిదో వంతుకు సరితూగే సంఖ్య పదెకరాల్లో దొరికిందన్నమాట. వాటిలో చాలావాటికి పేరు లేదు.

ఉష్ణమండల కీటకాల ప్రస్తావన వస్తే 'లక్షలాది తెలియని జాతులు' అనే మాట తేలిగ్గా దొర్లిపోతుంది. ఆ తెలియనితనం ఎక్కడ పేరుకుని ఉందనే ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఈ మధ్యకాలపు పరిశీలనలను చూస్తే అది అన్ని వర్గాల్లో సమానంగా పరుచుకుని లేదు. కొన్ని కుటుంబాల చిన్న ఈగల్లో, చిన్న కందిరీగల్లో గుట్టపడి ఉంది. పైగా పొలానికీ, తోటకీ, పశువుల కొట్టానికీ బాగా దగ్గరివి ఆ కుటుంబాలే.

మూడు కోట్ల నుంచి 55 లక్షలకు

ఎన్ని జాతులుంటాయన్న లెక్కను వేడెక్కించినవాడు అమెరికా స్మిత్సోనియన్ సంస్థకు చెందిన టెర్రీ ఎర్విన్. మున్సిపాలిటీవాళ్ళు దోమల కోసం వీధుల్లో తిప్పే ఫాగింగ్ యంత్రం లాంటిదాన్నే ఆయన పనామా అడవిలో చెట్ల తలల్లోకి పంపాడు. తెల్లవారుజామున గాలి కదలని వేళ మందు పొగ వదిలితే కొమ్మల్లోని పురుగులు కింద కట్టిన గరాటుల్లోకి రాలతాయి. లుహియా సీమానీ అనే ఒకే జాతికి చెందిన 19 చెట్ల నుంచి పెంకు పురుగులే దాదాపు 1,200 జాతులు దొరికాయి. వాటిలో 163 జాతులు ఆ చెట్టును తప్ప మరోదాన్ని ఆశ్రయించనివని ఆయన అంచనా వేశాడు. ఉష్ణమండలంలో 50 వేల జాతుల చెట్లున్నాయనుకుంటే పెంకు పురుగులే 80 లక్షలు దాటతాయి. కీటకాలు, సాలీళ్ళు వగైరాలన్నిటిలో పెంకు పురుగుల వాటా 40 శాతం అనుకుంటే చెట్ల తలల్లోనే రెండు కోట్లు. నేల మీద అందులో సగం ఉన్నాయనుకుంటే మొత్తం మూడు కోట్లు. 1982లో అచ్చయిన ఆ వ్యాసం నిడివి రెండే పేజీలు.

ఈ లెక్కలో ప్రతి మెట్టు కిందా ఒక 'అనుకుంటే' ఉంది. ఎర్విన్ ఆ సంగతి దాచలేదు, పరీక్షకు పెట్టదగ్గ ఊహగానే దాన్ని ముందుకు తెచ్చాడు. పత్రికలు మాత్రం అంకెను పట్టుకుని 'అనుకుంటే'లను వదిలేశాయి. అసలు పరీక్ష పాపువా న్యూగినీలో జరిగింది. చెక్ శాస్త్రవేత్త వోయ్‌టెక్ నోవోట్నీ బృందం 51 జాతుల మొక్కల మీద నిజంగా మేస్తున్న పురుగులను పట్టి, ఏది దేన్ని తింటుందో పెట్టి చూసింది. 900కు పైగా జాతులు లెక్కకొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే మొక్కకు అంటిపెట్టుకుని లేవు. దగ్గరి బంధుత్వమున్న మొక్కలన్నిటినీ కలిపి తింటున్నాయి. ఒక చెట్టు పురుగులే పక్కచెట్టు మీదా ఉంటే గుణకారం చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. 2002లో వాళ్ళు చెప్పిన అంచనా 40 నుంచి 60 లక్షలు. తర్వాత వేరే దారుల్లో వేసిన లెక్కలూ దాదాపు అక్కడికే చేరాయి. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే అంకె, కీటకాల వరకు, 55 లక్షలు. పేరున్నవి సుమారు 10 లక్షలు. ఏటా కొత్తగా పేర్లు పొందేవి దాదాపు 10 వేలు. ఈ లెక్కన మిగతా 45 లక్షలకు నాలుగు వందల యాభై ఏళ్ళు పడుతుంది.

మూడు కోట్లు కాస్తా 55 లక్షలకు దిగినందుకు ఉష్ణమండలం చిన్నబోలేదు. పనామాలోనే శాన్ లొరెంజో అడవిలో 2003-04లో వందమందికి పైగా పరిశోధకులు కలిసి పనిచేశారు. భారీ క్రేన్ ఎక్కారు, గాలి బుడగల మీద చెట్ల తలలపై తేలారు, నేలను జల్లెడ పట్టారు. ఇంతా చేసి వాళ్ళు గాలించిన నేల మొత్తం కలిపినా అర హెక్టారు లేదు. అందులో 6,144 జాతులు దొరికాయి. దాదాపు 6 వేల హెక్టార్ల ఆ అడవి మొత్తంలో 25 వేల జాతులు ఉంటాయని అంచనా. ఫలితాలు అచ్చులోకి వచ్చేసరికి 2012 అయింది. పట్టడానికి ఒకటి రెండేళ్ళు సరిపోతే, పట్టినవాటిని వేరుచేసి గుర్తించడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

తెలియనివి ఎక్కడున్నాయి

భారత పౌరసత్వం తీసుకుని 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త హాల్డేన్, దేవుడికి పెంకు పురుగులంటే తగని మక్కువ అన్నాడని చెప్పుకుంటారు. ఆయన కాలానికి ఆ చమత్కారం సరిపోయింది. పేరున్న కీటకాల్లో పెంకు పురుగులే ఎక్కువ. గట్టి పెంకు, మెరిసే రంగులు, సూదికి గుచ్చి పెట్టెలో పెడితే వందేళ్ళు చెక్కుచెదరని ఒళ్ళు. సేకరించేవాళ్ళు వాటివైపే మొగ్గారు. రెండు మిల్లీమీటర్ల మెత్తటి ఈగ ఎండితే ముడుచుకుపోతుంది, గుర్తించాలంటే స్లైడ్ మీదికెక్కించి మైక్రోస్కోపు కింద చూడాలి. దానికోసం ఎవరు కూర్చుంటారు?

ఎక్కువమంది కూర్చోలేదని 2023లో ఒక అధ్యయనం అంకెలతో చూపించింది. ఎనిమిది దేశాల్లో వలల్లో పడ్డ 2,25,000కు పైగా ఎగిరే కీటకాలను డిఎన్ఎ ఆధారంగా వేరుచేస్తే 25 వేలకు పైగా జాతులు తేలాయి. కుటుంబాలు 458. వాటిలో కేవలం 20 కుటుంబాలే, ఏ ఖండంలో చూసినా, అడవైనా బీడైనా, జాతుల్లో సగానికి పైగా ఆక్రమించాయి. అన్నిటికంటే ముందున్నది మళ్ళీ సెసిడోమైయిడేనే. జాతులు ఎక్కువున్న కుటుంబాల మీదే వర్గీకరణ శాస్త్రవేత్తల చూపు తక్కువ పడిందన్నది ఈ అధ్యయనం చెప్పిన రెండో సంగతి. జీవశాస్త్రంలో వీటికి 'చీకటి వర్గాలు' అనే పేరు స్థిరపడుతోంది.

కందిరీగల వైపు నుంచి కూడా ఇదే వాదన వచ్చింది. ప్రతి గొంగళి పురుగుకూ, ప్రతి పెంకు పురుగుకూ, గుడ్డుకో రకం, పిల్లపురుగుకో రకం చొప్పున పరాన్నజీవి కందిరీగలు ఉంటాయి. ఒక్కో ఆశ్రయ జాతికి ప్రత్యేకమైనది సగటున ఒక్కటి ఉన్నా కందిరీగల వర్గం పెంకు పురుగులను దాటిపోతుందని 2018లో ఒక బృందం లెక్క కట్టి చూపింది. ఈ కందిరీగల్లో కొన్ని అర మిల్లీమీటరైనా ఉండవు. మెగాఫ్రాగ్మా అనే ప్రజాతిలోనివి మిల్లీమీటరులో ఐదో వంతు. ఏకకణ జీవి అమీబా అంతటి ఒంట్లోనే రెక్కలు, కళ్ళు, ఏడు వేల పైచిలుకు నాడీకణాలు అన్నీ ఇమడాలి. చోటు చాలక అవి పెద్దయ్యే దశలో నాడీకణాల్లో అధిక భాగం కేంద్రకాలనే వదిలేసుకుంటాయి.

ఎక్కువ ఉండటమూ, అరుదుగా ఉండటమూ

'ఉష్ణమండలంలో పురుగులు ఎక్కువ' అనే వాక్యంలో రెండు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. తలల సంఖ్య ఒకటి, జాతుల సంఖ్య మరొకటి. రెండూ ఒకే పురుగుల్లో కనిపించవు.

తలల సంఖ్య చీమలది, చెదలది. అమెజాన్‌లో మనౌస్ దగ్గర అడవిలో జంతువుల మొత్తం బరువును అంచనా వేస్తే మూడో వంతు దాకా చీమలు, చెదలే తూగాయి. భూమ్మీద చీమలన్నీ కలిపి 20 వేల లక్షల కోట్లు ఉంటాయని 2022లో ఒక లెక్క వచ్చింది. వాటి కర్బన ద్రవ్యరాశి అడవి పక్షులు, అడవి క్షీరదాలు రెండిటినీ కలిపినా మించుతుంది. చెట్ల తలల్లో అన్ని చీమలు ఏం తిని బతుకుతాయన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. వేటాడే జీవులు వేటకంటే ఎక్కువ ఉండకూడదు కదా. 2003లో పెరూ, బ్రూనై చీమల ఒంట్లోని నత్రజని ఐసోటోపులను (ఏం తిన్నదాన్ని బట్టి పాళ్ళు మారే నత్రజని రూపాలను) పరీక్షించినప్పుడు ముడి వీడింది. వాటిలో చాలా జాతులు దాదాపు శాకాహారులు. పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులను కాపాడుతూ అవి విసర్జించే తీపి జిగురును తాగుతాయి. అంటే చెట్టు రసమే ఒక చేతి మీదుగా అందుతోంది.

జాతుల సంఖ్యది వేరే స్వభావం. ఉష్ణమండలంలో జరిగిన కీటక, సాలీళ్ళ సర్వేలను కలిపి చూస్తే సగటున 32 శాతం జాతులు ఒక్క నమూనాతోనే తెలుస్తాయి. వేల పురుగులు పట్టిన సర్వేలో కూడా మూడో వంతు జాతులకు ఒక్క మగదో ఒక్క ఆడదో తప్ప మరేదీ దొరకదు. ఆ జాతి నిజంగానే అరుదా, వేరే చెట్టు మీద గుంపులుగా ఉండి ఈ వలలోకి దారితప్పి వచ్చిందా, సర్వే ఇంకో ఏడాది సాగితే పది దొరికేవా అన్నది ఆ ఒక్క నమూనా చెప్పదు. సీసాలో కొత్త జాతి ఉందని తెలుస్తుంది, దాని బతుకు గురించి మాత్రం ఏమీ తెలియదు. ఉష్ణమండల కీటక శాస్త్రంలో పెద్ద ఇబ్బంది ఇదే, జాతుల మొత్తం అంకె కంటే ఇదే పెద్దది.

ఎండా చలీ తేడాలేని అడవిలో పురుగుల సంఖ్య నిలకడగా ఉంటుందన్న నమ్మకం కూడా ఉండేది. పనామాలోని బారో కొలరాడో దీవిలో హెండ్రిక్ వోల్డా అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి దీపపు ఎరలు పెట్టి, 1978లో ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. అక్కడి సంఖ్యలూ చలిదేశాల్లో లాగే ఏడాదికేడాది ఎగుడుదిగుడవుతాయి. ఒక ఏడాది సర్వే చూసి అడవి గురించి తీర్పు చెప్పేవాళ్ళకు ఇది ఇప్పటికీ పనికొచ్చే హెచ్చరిక.

వల, సీసా, డిఎన్ఎ

ఎగిరే చిన్న కీటకాలను పట్టే పద్ధతుల్లో ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది మలేజ్ వల. స్వీడన్‌కు చెందిన రెనే మలేజ్ తన గుడారంలోకి దూరిన పురుగులు బయటికి దారి వెతుకుతూ పై మూలకు చేరడం గమనించాడు. ఆ మూలలో ఒక సీసా బిగిస్తే పురుగులు వాటంతటవే అందులోకి వెళ్తాయని ఊహించి 1934లో బర్మాలో పరీక్షించి చూశాడు. ఇప్పటి వలలకూ రూపం అదే: సన్నని జాలీ గుడ్డతో గుడారం, కొనన ఆల్కహాలు సీసా. మన రైతులకు తెలిసిన పసుపు జిగురు అట్టలు, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు కొన్ని పురుగులనే రప్పిస్తాయి. మలేజ్ వల దేన్నీ పిలవదు, దారికి అడ్డం నిలబడుతుంది. అందుకే ఎవరూ కోరని పురుగులు కూడా అందులోకి వస్తాయి.

వారం తిరిగేసరికి సీసా నిండుతుంది, కష్టం అక్కడి నుంచి మొదలవుతుంది. వేలకొద్దీ పురుగులను కుటుంబాలవారీగా ఏరడానికి నెలలు పడతాయి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ 2003లో ఇంకో దారి చూపాడు. మైటోకాండ్రియాలోని సిఓ1 జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివితే చాలు, జాతికీ జాతికీ తేడా తెలిసిపోతుందన్నాడు. మరుసటి ఏడాదే కోస్టారికా నుంచి గట్టి ఉదాహరణ వచ్చింది. అస్ట్రాప్టిస్ ఫల్గరేటర్ అనే సీతాకోకచిలుకకు 1775లోనే పేరుంది, రెండు శతాబ్దాలకు పైగా దాన్ని ఒకే జాతి అనుకున్నారు. అమెరికా జీవశాస్త్రవేత్త డాన్ జాన్జెన్ బృందం దాని గొంగళి పురుగులను ఏళ్ళ తరబడి వేర్వేరు మొక్కల మీద పెంచింది. గొంగళి పురుగుల రంగులు వేరు, మేత మొక్కలు వేరు, సీతాకోకచిలుకలు మాత్రం ఒకేలా ఉండేవి. డిఎన్ఎ చదివితే పది జాతులన్నారు. పది కాదు, అంతకంటే తక్కువేనని తర్వాత ఇంకొకరు వాదించారు. ఒక్కటి కాదన్న సంగతి మాత్రం తేలిపోయింది. డిఎన్ఎ ఇక్కడ ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదని గమనించాలి. ఏ పురుగు ఏ ఆకు తిన్నదో రాసిపెట్టిన చీటీలు దాని పక్కన ఉన్నాయి.

ఆ చీటీలు లేకుండానే ముందుకు పోవాలన్న తొందర కూడా ఉంది. 2021లో కోస్టారికాకే చెందిన 403 కొత్త కందిరీగ జాతులను ఒకే వ్యాసంలో, చాలావాటికి ఒక ఫొటో, ఒక డిఎన్ఎ వరుస మాత్రమే ఇచ్చి ప్రకటించారు. వర్గీకరణ శాస్త్రవేత్తల్లో పెద్ద గొడవే రేగింది. పాత పద్ధతిలో వర్ణించుకుంటూ పోతే శతాబ్దాలు పడుతుందన్నది ఒక పక్షం. ఒంటి ఆకారాన్ని వర్ణించకపోతే డిఎన్ఎ యంత్రం లేని దేశంలోని పరిశోధకుడికి ఆ పేరు ఎందుకూ కొరగాదన్నది రెండో పక్షం. రెండో పక్షం మాటలో బలం ఎక్కువ. జాతులు దండిగా ఉన్న దేశాలకూ, యంత్రాలు దండిగా ఉన్న దేశాలకూ మధ్య దూరం ఇంకా తగ్గలేదు. అయితే అరచేతిలో పట్టే సీక్వెన్సింగ్ పరికరాలు వచ్చి ఖర్చు బాగా తగ్గుతోంది కాబట్టి ఈ వాదనకు ఎంతకాలం పస ఉంటుందో చూడాలి.

పేరు తప్పితే

జాతి పేరు పుస్తకాల్లో ఉండే అలంకారమని అనుకునేవారికి కర్రపెండలం పిండినల్లి కథ చెప్పాలి. 1970ల మొదట్లో కాంగో ప్రాంతంలో కర్రపెండలం మీద ఒక కొత్త పిండినల్లి కనబడి, ఆఫ్రికా నడుమ కోట్లమంది తినే పంటను ఎండగొట్టడం మొదలుపెట్టింది. కర్రపెండలం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట కాబట్టి పిండినల్లీ అక్కడిదే అయి ఉండాలి, దాన్ని అదుపులో పెట్టే పరాన్నజీవులూ అక్కడే ఉండాలి. అన్వేషకులు ఆ ఖండపు ఉత్తర భాగంలో వెతికారు. అచ్చం అలాంటిదే దొరికింది. దాని మీది పరాన్నజీవులను ఆఫ్రికా పిండినల్లికి అలవాటు చేయబోతే పని జరగలేదు. వర్గీకరణ నిపుణులు దగ్గరగా చూస్తే కారణం బయటపడింది. ఆఫ్రికాదానిలో మగవి లేవు, ఆడవే ఆడవాటిని కంటాయి. దక్షిణ అమెరికాలో దొరికినదానికి మగవీ ఉన్నాయి. అది వేరే జాతి. వెతుకులాట మళ్ళీ మొదలై 1981లో అసలు జాతి పరాగ్వేలో దొరికింది. దాని మీద ఒక చిన్న కందిరీగ కూడా ఉంది, అనాగైరస్ లోపెజై. ఆ కందిరీగకు అర్జెంటీనా శాస్త్రవేత్త ఒకరు 1964లోనే పేరు పెట్టి ఉంచారు. అప్పట్లో దానివల్ల ఏ ప్రయోజనమూ కనబడలేదు.

1981లోనే నైజీరియాలో ఆ కందిరీగను వదిలారు. అక్కడి నుంచి అది కర్రపెండలం పండే ఆఫ్రికా దేశాలన్నిటా పాకింది. పనిని నడిపించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. కథ అక్కడితో ఆగలేదు. అదే పిండినల్లి 2020లో కేరళలోని త్రిశూర్‌లో కనబడింది, ఆపైన తమిళనాడు తోటల్లోకి వచ్చింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ 2021లో ఆఫ్రికాలోని బెనిన్ నుంచి అదే కందిరీగను తెప్పించింది. ఈసారి ఎవరూ తప్పు ఖండపు మూలలో వెతకాల్సిన పని పడలేదు. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం కోసం కర్రపెండలం వేసేవారికి కూడా ఈ కథ పరాయిది కాదు.

ఇలాంటిదే ట్రైకోగ్రామా విషయంలోనూ జరిగింది. చెరకు, వరి రైతులు ట్రైకో కార్డులంటే గుర్తుపట్టే ఈ గుడ్డు పరాన్నజీవులు అర మిల్లీమీటరు ఉంటాయి, చూడటానికి అన్నీ ఒకటే. బెంగళూరులో పనిచేసిన సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ మగ కందిరీగ జననాంగాల నిర్మాణాన్ని బట్టి జాతులను విడదీయవచ్చని 1960ల చివర, 1970ల మొదట చూపారు. ప్రపంచమంతటా ఈ ప్రజాతి వర్గీకరణ వాళ్ళ పద్ధతిని బట్టే మారింది. అంతకు ముందు మన దేశంలో ఆస్ట్రాలికం అని పిలిచింది నిజానికి ఖిలోనిస్ అని తేలింది. ఏ పురుగు మీదికి ఏ కార్డు కట్టాలన్నది ఈ తేడా మీదే నడుస్తుంది.

చీకటి వర్గాల్లో శత్రువూ మిత్రుడూ ఒకే కుటుంబంలో ఉండటం మామూలు. సెరటోపోగోనిడే అనే నలుసు దోమల కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది. అందులోని ఫోర్సిపోమియా కోకో పువ్వుల్లోకి దూరి పరాగ సంపర్కం చేస్తుంది. కుళ్ళిన ఆకుల్లో, కోకో కాయల తొక్కల్లో పెరుగుతుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ నీడన పెంచే కోకోకు కాయ పట్టడం ఇలాంటి నలుసుల మీదే ఆధారపడింది. అదే కుటుంబంలోని క్యూలికాయిడ్స్ గొర్రెలకు నీలినాలుక వ్యాధిని మోస్తుంది. తోటను శుభ్రంగా ఊడ్చేసి మందు కొడితే ఏది పోతుంది, ఏది మిగులుతుందన్నది అక్కడున్న జాతులను ఎవరైనా విడదీస్తేనే చెప్పగలిగేది.

ఆయిల్ పామ్‌కైతే ఇంకా పెద్ద బాకీ ఉంది. మలేషియాలో ఒకప్పుడు కూలీలు చెట్టు చెట్టుకూ తిరిగి పుప్పొడి చల్లేవారు. గాలి ఆ పని చేస్తుందని అప్పట్లో పుస్తకాలు చెప్పేవి, గాలి మాత్రం చేయలేదు. కామెరూన్‌లో ఆ పని చేసేది ఎలైడోబియస్ అనే ముక్కు పురుగని కనిపెట్టి 1981లో మలేషియాలో వదిలారు, చేతి పరాగ సంపర్కం అవసరం తీరింది. 1980ల మధ్యలో అది మన దేశానికీ వచ్చింది. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్న ప్రాంతమంతా ఈ రోజు ఆ ముక్కు పురుగు కష్టం మీదే గెలలు కోస్తోంది.

తగ్గుతున్నాయా

జర్మనీ అభయారణ్యాల్లో 27 ఏళ్ళలో ఎగిరే కీటకాల బరువు 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో వార్త వచ్చింది. అక్కడ మలేజ్ వలలతో ఏళ్ళ తరబడి తూకం వేసి పెట్టుకున్నారు కాబట్టి ఆ మాట చెప్పగలిగారు. ఉష్ణమండలంలో అలాంటి పాత తూకాలు చాలా తక్కువ. ప్యూర్టో రికోలోని లుకియో అడవిలో బ్రాడ్‌ఫోర్డ్ లిస్టర్ 1976లో వేసిన తూకం ఒకటి ఉంది. 2010ల్లో తిరిగి వెళ్ళి తూచి, కీటకాల బరువు పది నుంచి అరవై రెట్లు పడిపోయిందని, వేడి పెరగడమే కారణమని 2018లో ప్రకటించారు. అదే అడవిలో ఏళ్ళుగా పనిచేస్తున్న వేరే బృందం దానికి ఎదురు చెప్పింది. 1989లో హ్యూగో, 1998లో జార్జెస్ తుపానులు అడవిని ఊపేశాయని, మధ్యలోని ఏళ్ళ లెక్కలు చూస్తే ఒకే దిశలో పతనం కనబడదని వాళ్ళ వాదన. రెండు బిందువులను కలిపితే గీత వస్తుంది గానీ ధోరణి రాదని వోల్డా దీపపు ఎరలు చాలాకాలం ముందే చెప్పాయి. తగ్గుదల లేదని దీని అర్థం కాదు. అడవి నరికిన చోట పురుగు పోతుందనడానికి అధ్యయనం అక్కర్లేదు. నిలిచి ఉన్న అడవిలో ఏం జరుగుతోందో చెప్పడానికి మాత్రం ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏటా తూకం కావాలి. తూచినవాటిని జాతులుగా విడదీసే మనుషులూ కావాలి.

కూర్చునేవాళ్ళు

మనుషుల కొరతకు కోస్టారికా, పాపువా న్యూగినీ ఒక దారి వెతుక్కున్నాయి. 1989 నుంచి జాన్జెన్, విన్నీ హాల్‌వాక్స్ గ్వానకాస్తె అడవి చుట్టుపక్కల పల్లెల్లోని రైతులకు, కూలీలకు, గృహిణులకు పురుగులు పట్టడం, పెంచడం, సూదికి గుచ్చడం, చీటీ రాయడం నేర్పి జీతానికి పెట్టుకున్నారు. న్యూగినీలో మదాంగ్ దగ్గర బినాటాంగ్ పరిశోధన కేంద్రం కూడా ఇలాగే గ్రామస్థులతో నడుస్తోంది. అడవిలో పుట్టిపెరిగినవారికి ఏ మొక్క ఏదో ముందే తెలుసు. బయటినుంచి వచ్చిన పరిశోధక విద్యార్థికి అది నేర్చుకోవడానికే రెండేళ్ళు పడుతుంది. నోవోట్నీ ఎర్విన్ లెక్కను సరిదిద్దింది ఈ గ్రామస్థుల పని మీదే. వ్యాసాల్లో మాత్రం వాళ్ళ పేర్లు చాలాకాలం కృతజ్ఞతల పేరాలోనే ఉండిపోయాయి.

మన దేశంలో పునాది బలమైనదే. భారత జంతు సర్వే సంస్థకు వందేళ్ళు దాటాయి. 2024లో అది విడుదల చేసిన జాబితాలో లక్షకు పైగా జంతుజాతులున్నాయి, అందులో సగానికి పైగా కీటకాలే. బీహారులోని పూసాలో మొదలై 1934 భూకంపం తర్వాత ఢిల్లీకి మారిన కీటక సేకరణ ఇప్పటికీ దేశంలో పెద్దవాటిలో ఒకటి. ఆగ్రాలో కీటక శాస్త్ర పాఠశాల నెలకొల్పిన ఎం.ఎస్. మణి మొక్కల మీది బుడిపెలనూ, వాటిని పుట్టించే సెసిడోమైయిడే ఈగలనూ దశాబ్దాలపాటు చదివాడు. అయితే వలసకాలంలో వర్ణించిన భారత జాతుల ఆధార నమూనాలు చాలావరకు లండన్ వంటి చోట్ల ఉన్నాయి. కొత్త పురుగును పోల్చి చూడాలంటే అటు వెళ్ళాలి, లేదా ఇక్కడి నమూనాను అటు పంపాలి. జీవవైవిధ్య చట్టం 2002 వచ్చాక ఈ రెండో పని చిక్కుల్లో పడిందని మన శాస్త్రవేత్తలే 2018లో సైన్స్ పత్రికలో రాశారు. జీవ సంపదను దొంగిలించేవారి నుంచి కాపాడేందుకు తెచ్చిన నిబంధనలు, ఆల్కహాలు సీసాలో రెండు ఈగలను నిపుణుడికి పంపేవారినీ అదే వరుసలో నిలబెట్టాయి. చట్టం అవసరమే. వాణిజ్యానికి తీసుకెళ్ళే మొక్కకూ, పేరు కోసం పంపే పురుగుకూ మధ్య గీత గీయకపోవడమే లోపం.

ఉద్యోగాల సంగతి ఇంకా కష్టం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కీటక శాస్త్రం అంటే ప్రధానంగా పురుగుల నివారణ. ఏ మందు ఎంత మోతాదులో అన్నది రెండేళ్ళలో తేలే ప్రశ్న, వ్యాసం వస్తుంది, పట్టా వస్తుంది. ఒక కుటుంబం మీద పట్టు రావడానికి పదేళ్ళు పడుతుంది, ఆ పదేళ్ళలో మార్కులు పెట్టే పద్ధతి ఏదీ లేదు.

మిరప రైతులకు 2021 చివర్లో వచ్చిన కష్టం, పురుగును తప్పుగా పోల్చుకుంటే జరిగే నష్టాన్నీ, నిపుణులు ఉంటే కలిగే మేలునూ ఒకేసారి చూపించింది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ తోటల్లో పూత రాలిపోయింది. మొదట అందరూ పైముడత తెచ్చే పాత తామర పురుగే అనుకుని దానికి కొట్టే మందులే కొట్టారు. పురుగు పువ్వుల్లో గుంపులుగా చేరడం, నల్లగా ఉండటం చూసి అనుమానం వచ్చింది. అది థ్రిప్స్ పార్విస్పైనస్, రైతుల మాటలో నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ జాతికి 1922లోనే పేరుంది, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద ఇది మన దేశంలో తొలిసారి కనబడినట్టు 2015లోనే నమోదైంది. గుర్తింపు త్వరగా తేలడానికి కారణం తామర పురుగుల వర్గీకరణలో మనకు మనుషులు ఉండటం. మద్రాసు లయోలా కాలేజీలో టి.ఎన్. అనంతకృష్ణన్ మొదలుపెట్టిన పని శిష్యుల ద్వారా అర శతాబ్దానికి పైగా సాగింది. ఫోరిడే అనే మరో చీకటి వర్గాన్ని తీసుకుంటే, చీమల తలల్లో పెరిగే ఈగలు కూడా ఉన్న ఆ కుటుంబంలో పేరున్నవే 4 వేలకు పైగా, పేరులేనివి వాటికి ఎన్నో రెట్లు. వాటిని చూసి జాతి చెప్పగలిగినవారు ప్రపంచమంతా వెతికినా వేళ్ళ మీద లెక్కించేంతమందే.